అయిదున్నరేళ్ల బాబుని కొత్త డైనోసార్ సినిమాకి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా బాబుకి అయిదున్నరేళ్లు. ‘జురాసిక్ వరల్డ్’ ఇంట్లో టీవీలో లెక్కలేనన్ని సార్లు చూశాడు, ఎప్పుడూ భయపడలేదు. ఇప్పుడు ‘జురాసిక్ వరల్డ్: రీబర్త్’ తెలుగు డబ్బింగ్‌కి తీసుకెళ్లమని ఒకటే గొడవ. ఇంతవరకు హాల్లో ఒక్క సినిమా కూడా చూడలేదు. త్రీడీకి వెళ్లాలా, మామూలుదానికా? ఏ షో అయితే మంచిది? రెండేళ్ల పాపని కూడా తీసుకెళ్లొచ్చా? ఈయనేమో సర్టిఫికెట్ చూసి వద్దంటున్నారు. మా అత్తగారేమో “మేము పిల్లల్ని చంకనేసుకుని సెకండ్ షోలకి వెళ్లలేదా” అంటున్నారు.

సమాధానం:

అమ్మా, సూటిగా చెప్పేస్తాను. మీ బాబు హాల్లో చూసే మొట్టమొదటి సినిమా ఇదే అయితే వద్దు. ముందు ఏదైనా చిన్న, సరదా సినిమాతో హాలు అలవాటు చేసి ఆ తర్వాత దీనికి తీసుకెళ్తానంటే, జాగ్రత్తలు తీసుకుని వెళ్లొచ్చు. రెండేళ్ల పాపని మాత్రం ఎలాగూ వద్దు.

నేను గోదావరి జిల్లాలో ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్లో గేటు దగ్గర పనికి చేరి, చివరికి హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో ఫ్లోర్ మేనేజరుగా రిటైరైనవాణ్ణి. సినిమా మొదలైన అరగంటకల్లా ఏడుస్తున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని బయటికొచ్చే తండ్రులు మాకు కొత్త కాదు. వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: “ఫస్ట్ పార్ట్ ఇంట్లో ఎన్నిసార్లు చూశాడో అండీ, ఏమీ అనలేదు.” మీరూ అదే రాశారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇంట్లో మీ బాబు చూసింది గోడ మీద ఓ మూల కదిలే బొమ్మ. ట్యూబ్‌లైట్ వెలుగుతూ ఉంటుంది, వంటింట్లో కుక్కర్ కూస్తుంది, మధ్యలో మీ ఫోన్ మోగుతుంది. భయమేసిన చోట వాడు లేచి నీళ్లు తాగడానికి వెళ్లి ఉంటాడు, మీరు గమనించి ఉండరు. రిమోట్ కూడా వాడి చేతిలోనే. హాల్లో ఇవేవీ ఉండవు. తల ఎటు తిప్పినా చీకటి, ఎదురుగా డైనోసార్ నిజంగానే డైనోసార్ అంత ఉంటుంది, ఆపడానికి ఏ బటనూ ఉండదు. అంచేత వాడు మొదటి భాగానికి భయపడలేదన్న సంగతి ఈ నిర్ణయానికి పెద్దగా పనికిరాదు. కథ ఎలా ఉందన్నది తర్వాత. అయిదేళ్ల పిల్లాడి విషయంలో ముందు ఆలోచించాల్సింది హాలు గురించి.

మీ అత్తగారి మాట దగ్గరికి వస్తాను. ఆవిడ చెప్పింది నిజమే. సెకండ్ షోకి చంటిపిల్లలతో వచ్చే కుటుంబాలకి గేటు తీసినవాణ్ణి నేను. బాల్కనీ మెట్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టేవాళ్లు కూడా. కానీ అప్పటి హాల్లో శబ్దం తెర వెనక ఉన్న స్పీకర్లోంచి మాత్రమే వచ్చేది. ఇప్పటిలా నేల అదిరేది కాదు, వెనక నుంచి మీదికి దూకేది కాదు. ఆ పద్ధతి మారడానికి కారణమైన సినిమాల్లో ఈ వరసలో మొదటిది కూడా ఒకటి. డీటీఎస్ అనే డిజిటల్ సౌండ్ 1993లో ‘జురాసిక్ పార్క్’తోనే ప్రపంచానికి పరిచయమైంది. ఆ తర్వాత మన ఊళ్లలోనూ వాల్‌పోస్టర్ మీద హీరో పేరు పక్కనే ‘డీటీఎస్’ అని వేసుకునే రోజులొచ్చాయి. ఇప్పుడు మంచి హాలంటే రెండు పక్కలా, వెనకా, కొన్నిచోట్ల నెత్తి మీద కూడా స్పీకర్లుంటాయి. ఆ కాలం పిల్లలు హాల్లో నిద్రపోయారంటే వాళ్లు గట్టివాళ్లని కాదు, ఆ హాలు నిద్రపోనిచ్చింది.

శబ్దం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ఇంత చిన్న పిల్లల్ని బొమ్మ కన్నా శబ్దమే ఎక్కువ ఏడిపిస్తుంది. సినిమా హాల్లో తెర వెనకుండే ఒక్కో స్పీకర్‌ని 85 డెసిబుల్స్ ప్రమాణానికి సరిచేసి పెడతారు. పెద్ద శబ్దాలు వచ్చినప్పుడు దాని మీద ఇంకో 20 డెసిబుల్స్ పైకి వెళ్లే వీలు ఉంచుతారు. 10 డెసిబుల్స్ పెరిగితేనే మన చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది, అలాంటిది 20 అంటే మీరే ఊహించుకోండి. లోతైన, బరువైన శబ్దాలిచ్చే సబ్‌వూఫర్ అనే స్పీకర్ సంగతి వేరు. అది చెవికి వినపడటం కన్నా, పెళ్లి ఊరేగింపులో డప్పు పక్కన నిలబడితే గుండెల్లో తగిలినట్టు ఒంటికి తగులుతుంది. ఇలాంటి సినిమాల్లో డైనోసార్ రాబోయే ముందు శబ్దం మొత్తం ఆపేసి నిశ్శబ్దం చేస్తారు. పిల్లాడు ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు. అప్పుడు అరుస్తుంది. పెద్దవాళ్లకి అదే మజా, టికెట్ కొన్నదే అందుకు. అయిదేళ్లవాడికి మాత్రం ఒంటి మీద దెబ్బ పడినట్టే ఉంటుంది.

చెవుల్లో దూది పెట్టడం వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. పిల్లల సైజు ఇయర్ మఫ్స్ దొరుకుతాయి, చెవుల మీద డిప్పల్లాగా ఉంటాయి. అవి కొని, ముందే ఇంట్లో ఆటగా అలవాటు చేయండి. హాల్లో మెడలో వేసుకుని కూర్చుంటాడు, కావాలనుకున్నప్పుడు వాడే పెట్టుకుంటాడు. వాడి చేతిలో రిమోట్ లాంటిది ఏదో ఒకటి ఉండటం చాలా పనికొస్తుంది. జనం పలచగా ఉన్న షోలో అయితే మేనేజర్ని అడిగి చూడండి, “సార్, చిన్నపిల్లలున్నారు, సౌండ్ కాస్త తగ్గించగలరా” అని. సామాన్యంగా ఎవరూ అడగరు గానీ, అడిగితే ఆపరేటర్‌కి చెప్పి ఒక పాయింట్ తగ్గించడం కష్టమేమీ కాదు. హౌస్‌ఫుల్ షోలో మాత్రం అడగొద్దు. వెనక వరసవాళ్లు మమ్మల్ని తినేస్తారు.

ఇప్పుడు సినిమా లోపల ఏముందో చూద్దాం. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలు ప్రధానంగా కంటికి కనపడే రూపానికి భయపడతారు. ‘ఇలా జరిగే అవకాశం ఉంది’ అనే భయం ఆ తర్వాత వస్తుంది. అమెరికాలో జోఆన్ కాంటర్ అనే పరిశోధకురాలు దీని మీద చాలా పని చేశారు. మంచి మనిషి పచ్చటి హల్క్‌గా మారే టీవీ సీరియల్‌ని చూపిస్తే, హల్క్ మంచివాడేనని పెద్ద పిల్లలు అర్థం చేసుకున్నారు గానీ, బడి ఈడు రాని పిల్లలు మనిషి రూపం మారడం చూసే భయపడ్డారు. మరో సంగతి కూడా వాళ్ల పరిశోధనల్లో తేలింది. చిన్నపిల్లలకి “అది నిజం కాదు నాన్నా” అన్న మాట పెద్దగా పనిచేయదు. దగ్గరికి తీసుకోవడం, చెయ్యి పట్టుకోవడం, తినడానికేదైనా పెట్టడం పనిచేస్తాయి. మనకేమో నోటికి ముందు వచ్చేది “నిజం కాదు, బొమ్మ” అనే మాటే.

రూపం ఒక్కటే అనుకోకండి. ప్రమాదం ఎవరికి, ఎక్కడ అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ వరసలోనే 2018లో వచ్చిన ‘ఫాలెన్ కింగ్‌డమ్’లో ఒక చిన్నపాప తన గదిలో మంచమెక్కి దుప్పటి కప్పుకుంటే, డైనోసార్ కిటికీలోంచి ఆ గదిలోకే వస్తుంది. అడవిలో ఎంతమందిని మింగినా పట్టించుకోని పిల్లలు ఆ ఒక్క ఘట్టానికి రాత్రి పక్క మీదికి వెళ్లనని మొరాయిస్తారు, ఎందుకంటే దుప్పటి కప్పుకోవడమనేది వాళ్లకి తెలిసిన ఆఖరి రక్షణ. అదే సినిమాలో ఓడ వెళ్లిపోతుంటే పొడుగు మెడ డైనోసార్ ఒక్కటే రేవులో పొగ మధ్య మిగిలిపోయి అరుస్తుంది. అక్కడ భయం కాదు, ఏడుపు. మన ‘బాహుబలి’ గుర్తుందిగా? కట్టప్ప ఎందుకు పొడిచాడని పెద్దవాళ్లు రెండేళ్లు చర్చించుకున్నారు. 2017లో రెండో భాగం వచ్చాక హాల్లో పిల్లలకి కావలసింది ‘ఎందుకు’ కాదు. తమకి ఇష్టమైన మనిషి కళ్లముందు చచ్చిపోయాడు, అంతే. సీక్వెల్‌లో ఉన్న ఇబ్బందే ఇది. మొదటి భాగంలో పెంచుకున్న ప్రేమని రెండో భాగం పందెంలో పెడుతుంది.

రీబర్త్ విషయానికి వస్తే, మొదలైన కొన్ని నిమిషాల్లోనే ఒక లాబొరేటరీలో తలుపు మూసుకుపోయి ఒక మనిషి అద్దానికి అవతల ఇరుక్కుపోతాడు, వికృతంగా ఉన్న డైనోసార్ వాణ్ణి పట్టుకుంటుంది. రెండు మూడు చోట్ల ప్రమాదంలో పడేది ఒక చిన్నమ్మాయి, వాళ్ల నాన్న, అక్క. సముద్రంలో వాళ్ల పడవ తిరగబడుతుంది. తర్వాత నదిలో రబ్బరు పడవ మీద పోతుంటే టీ-రెక్స్ వెంటపడుతుంది. ఆఖర్లో వచ్చేది మామూలు డైనోసార్ కాదు, తల ఉబ్బి, ఆకారం చెడిపోయిన జంతువు. మీ బాబు టీవీలో చూసి పేర్లన్నీ వల్లించే డైనోసార్ల జాబితాలో అది ఉండదు. పేరు తెలిసిన దానికన్నా పేరు తెలియని రూపానికి పిల్లలు ఎక్కువ బెదురుతారు. మంచి సంగతులూ ఉన్నాయి. ఆ అమ్మాయికి ఒక బుల్లి డైనోసార్ స్నేహితురాలవుతుంది, పొడుగాటి గడ్డి మైదానంలో కొండంత డైనోసార్లు కనపడే చోటు పెద్దవాళ్లకే ఒళ్లు పులకరిస్తుంది. నిడివి రెండుంపావు గంటలు. మన యాడ్స్, ఇంటర్వెల్ కలుపుకుంటే మూడు గంటలకి దగ్గర.

సర్టిఫికెట్ గురించి మీవారు అన్నదాంట్లో సగం నిజముంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక యూఏని మూడుగా విడగొట్టారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. టికెట్ బుక్ చేసే యాప్‌లో సినిమా పేరు పక్కనే కనపడుతుంది. ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకి మాత్రం 18 ఏళ్లలోపువాళ్లని గేటు దగ్గరే ఆపాలి. యూఏ అలా కాదు, ఆ వయసులోపు పిల్లలకి చూపించాలో వద్దో తల్లిదండ్రులు చూసుకోండని చెప్పడం. అంటే అది మీకు చెప్పే మాట, గేట్‌మన్‌కి కాదు. కాకపోతే 13+ అని ఉన్నదానికి అయిదున్నరేళ్లవాణ్ణి తీసుకెళ్తుంటే మధ్యలో ఎంత దూరముందో ఒకసారి ఆలోచించండి. అలాగని సర్టిఫికెట్ ఒక్కటే చూసి తేల్చేయడం కూడా కుదరదు. ‘బాహుబలి 2’కి ఇక్కడ యూఏ ఇస్తే సింగపూర్‌లో 16 ఏళ్లలోపువాళ్లకి ప్రవేశమే లేదన్నారు. అమెరికాలో ఇలాంటి సినిమాలకిచ్చే పీజీ-13 అనే సర్టిఫికెట్ పుట్టిందే సీక్వెల్ గొడవల్లోంచి. 1984లో ‘ఇండియానా జోన్స్’ రెండో సినిమా చూసి, మొదటిదానిలా ఉంటుందని పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. అప్పుడే ఆ కొత్త గుర్తు తెచ్చారు. నలభై ఏళ్లు దాటింది, ఇప్పటికీ మనం అదే లెక్క వేసుకుంటున్నాం.

సరే, వెళ్దామనే నిర్ణయించుకున్నారనుకుందాం.

మొదటి వారం వెళ్లకండి, ప్రీమియర్లూ బెనిఫిట్ షోల జోలికి అసలే పోవద్దు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక సీక్వెల్ ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. హాలీవుడ్ డబ్బింగ్ సినిమాకి అంత జనం రారనుకోండి, అయినా ఇరుకు మెట్లు, చీకటి, తోపులాట ఉన్నచోట పిల్లలు ఉండకూడదు. రెండో వారంలో, మామూలు రోజున, పొద్దుటి షోకి వెళ్లండి. బడికి ఒకపూట సెలవు పెట్టించినా తప్పులేదు. మ్యాట్నీ వద్దనడానికి కారణం నిద్ర. మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు తీసే అలవాటున్న పిల్లాడు ఆ టైముకి చిరాకుగా ఉంటాడు. ఫస్ట్ షో అయితే బయటికొచ్చేసరికి తొమ్మిది, ఇంటికెళ్లి తిని నేరుగా పక్క మీదికే. సినిమాకీ నిద్రకీ మధ్య సగం రోజైనా ఉండాలి. వెలుతురులో బయటికి రావాలి, ఆడుకోవాలి, పక్కింటి పిల్లలకి డైనోసార్ అరుపు అరిచి చూపించాలి. భయం అలా తీరిపోతుంది.

సీటు ఎంచుకోవడంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యాప్‌లో హాలు బొమ్మ చూసి నట్టనడుమ సీట్లు బుక్ చేస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది తలుపు. కొన్ని మల్టీప్లెక్సుల్లో బయటికి వెళ్లే దారి తెర పక్కనే ఉంటుంది. పిల్లాడు భయపడి ఏడుస్తుంటే వాణ్ణెత్తుకుని ఏ డైనోసార్‌ని చూసి భయపడ్డాడో దాని వైపే నడవాలి! వాడు ఇంకా గట్టిగా ఏడుస్తాడు. అందుకని మీరు లోపలికి వచ్చిన తలుపుకి దగ్గరగా, నడవా పక్కన తీసుకోండి. సబ్‌వూఫర్లు తెర కింద ఉంటాయి కాబట్టి ముందు సగం వద్దు. మరీ ఆఖరి వరసలో కూర్చుంటే వెనక గోడ స్పీకర్లు నెత్తి మీదే ఉంటాయి. గోడ పక్క సీటూ అంతే. హాలుని మూడు భాగాలు అనుకుంటే రెండో భాగం అయిపోయేచోట, నడిమి నడవా పక్కన ఉంటే బాగుంటుంది. నడవా వైపు మీరు కూర్చోండి, వాణ్ణి లోపలి వైపు కూర్చోబెట్టండి.

మడత సీటు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. పిల్లాడి బరువు చాలక అది వెనక్కి ముడుచుకుంటుంది, కాళ్లు గాల్లోకి లేస్తాయి. కొన్నిచోట్ల పిల్లల కోసం ఎత్తు కుషన్ ఇస్తారు, లోపలికి వెళ్లేముందే అడిగి తీసుకోండి. రెక్లైనర్ అయితే దాని బటన్‌తో ఆడనివ్వకండి, కాళ్లు ఇరుక్కుంటాయి. 3 ఏళ్లు దాటితే చాలా మల్టీప్లెక్సుల్లో టికెట్ తీసుకోవాల్సిందే కాబట్టి వాడికంటూ సీటు ఉంటుంది. అయినా సగం సినిమా మీ ఒళ్లోనే చూస్తాడని ముందే అనుకోండి.

త్రీడీ వద్దు. కళ్లజోళ్లు చాలావరకు పెద్దల సైజు, వాడి ముక్కు మీద నిలవవు. తీస్తే తెర మీద రెండు బొమ్మలు కనిపిస్తాయి. భుజం మీద తల వాల్చి చూసినా బొమ్మ సరిగ్గా కలవదు, తలనొప్పి వస్తుంది. పైగా త్రీడీలో తెర వెలుగు బాగా తగ్గుతుంది, అసలే చీకటి సినిమా ఇంకా చీకటవుతుంది. కుర్చీలు ఊగి, నీళ్లు చల్లే ఫోర్‌డీఎక్స్ గురించి మీరు అడగలేదు, అడగకపోవడమే మంచిది. తెలుగులోనే చూపించండి. ఇంగ్లిష్‌లో అయితే కథ అర్థంకాక వాడికి కేకలు మాత్రమే మిగులుతాయి.

వెళ్లేముందు వారంలో రెండు పనులు చేయండి. మొదటిది, ‘జురాసిక్ వరల్డ్’నే ఇంకోసారి పెట్టండి, కానీ ఈసారి లైట్లార్పి, సౌండ్ పెంచి, రిమోట్ దాచేసి. మీరు టీవీని కాదు, వాణ్ణి చూడండి. నోటితో “నాకేం భయం లేదు” అనే అంటాడు. కాళ్లు పైకి ముడుచుకున్నాడా, దిండు పట్టుకున్నాడా, సరిగ్గా ఆ ఘట్టంలోనే ‘ఒకటికి’ వెళ్లాలన్నాడా గమనించండి. ఒంటిని నమ్మండి, నోటిని కాదు.

రెండోది, కథ మొత్తం ముందే చెప్పేయండి. స్పాయిలర్ అనేది పెద్దవాళ్ల బాధ, పిల్లలకి తెలిసిన కథే ఇష్టం. రోజూ రాత్రి అదే కథ చెప్పమని అడిగేది అందుకేగా. “పడవ తిరగబడుతుంది, కానీ ఆ పాపకి, వాళ్ల నాన్నకి, అక్కకి ఏమీ కాదు, ముగ్గురూ బతికే ఉంటారు” అని చెప్పండి. (సినిమా చూడనివాళ్లు నన్ను తిట్టుకోకండి.) అది నిజం కూడా, కాబట్టి హాల్లో మీరు వాడి చెవిలో మళ్లీ చెప్పొచ్చు. ‘ఏమీ కాదు’ అని చెప్పి, తర్వాత ఎవరైనా చచ్చిపోతే మీ మాట మీద నమ్మకం పోతుంది, అందుకే మీరు ముందు చూడటమో, చూసినవాళ్లని అడగడమో తప్పనిసరి. డైనోసార్లని ఎలా తయారుచేశారో చెబితే కొందరు పిల్లలు ఉత్సాహపడతారు. 1993 సినిమాకి నిలువెత్తు టీ-రెక్స్ బొమ్మ చేశారు. వాన సీన్లో దాని రబ్బరు తోలు నీళ్లు పీల్చుకుని బొమ్మంతా వణికిపోయేది, తువ్వాళ్లతో తుడుస్తూ షూటింగ్ చేశారు. టీ-రెక్స్‌ని తువ్వాలుతో తుడవడమనే సంగతి అయిదేళ్లవాడికి భలే నచ్చుతుంది. రీబర్త్‌లో చాలావరకు కంప్యూటర్ బొమ్మలే అనుకోండి, అంత వివరం వాడికెందుకు.

హాల్లోకి లైట్లు వెలుగుతుండగానే వెళ్లండి. తెర, స్పీకర్లు, తలుపు, మెట్ల పక్క చిన్న దీపాలు చూపించండి. తర్వాత యాడ్స్ మొదలవగానే బాత్రూమ్‌కని బయటికి తీసుకురండి. మన హాళ్లలో సినిమాకి ముందు వేసే పొగాకు ప్రకటనల్లో నోటి కేన్సర్ రోగుల్ని చూపిస్తారు. డైనోసార్‌కి బెదరని పిల్లాడు దానికి బెదరడం నాకు తెలుసు. ఆ పైన వేరే సినిమాల ట్రైలర్లు, ఏ దయ్యం సినిమా వస్తుందో చెప్పలేం. ఈ సినిమాకైతే ఆ లాబొరేటరీ ఘట్టం అయ్యేదాకా బయటే కాలక్షేపం చేసి లోపలికి రండి. మీరు ఒక్కరే తీసుకెళ్తే ఫోన్ టార్చ్ నేల వైపు పెట్టుకుని మెల్లగా రండి, ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఒక ఒప్పందం ముందే చేసుకోండి. వాడు మీ చెయ్యి రెండుసార్లు నొక్కితే ఏ ప్రశ్నా లేకుండా బయటికి వస్తారు, కాసేపు లాబీలో ఉంటారు, కావాలంటే మళ్లీ వెళ్తారు. చాలామంది పిల్లలు ఒకసారి బయటికొచ్చి, తలుపు నిజంగానే తెరుచుకుంటుందని చూసుకుని, మళ్లీ లోపలికి వెళ్లి చివరిదాకా చూస్తారు. “ఇంత డబ్బు పెట్టి టికెట్ కొన్నాం, కూర్చో” అనే తండ్రులు కూడా ఉంటారు. వాళ్ల పిల్లలు కూర్చుంటారు, కళ్లు మూసుకుని. కళ్లు మూసుకుంటే శబ్దం మాత్రమే మిగులుతుంది, బొమ్మని వాడి బుర్ర కల్పించుకుంటుంది, అది తెర మీదదానికన్నా పెద్దది. కళ్లు మూసుకున్నాడంటే చెవులు కూడా మూయండి.

హాలీవుడ్ సినిమాలకి ఇంటర్వెల్ వాళ్లు పెట్టేది కాదు, ఇక్కడ మనం కోసేది. అందుకని వెంటపడే సీను మధ్యలోనే లైట్లు వెలగొచ్చు. పిల్లాడు అయోమయపడతాడు, “అయిపోయిందా” అంటాడు. అప్పుడు “భయమేస్తోందా” అని అడక్కండి, మగపిల్లాడు కదా, లేదనే అంటాడు, మనమే అలా నేర్పాం. “చూద్దామా, వెళ్లి ఐస్‌క్రీమ్ తిందామా?” అనండి. రెండూ సమానంగా వినపడాలి. రెండో సగం మొదటిదాని కన్నా చీకటి, గొడవ ఎక్కువ. అయిదేళ్లవాడికి సగం సినిమా అంటే ఒక పూర్తి సినిమానే. మిగతాది ఓటీటీలో చూసుకోవచ్చు. పాప్‌కార్న్ మీ బాబుకి ఫరవాలేదు, నవ్వుతూ అరుస్తూ ఉన్నప్పుడు మాత్రం పెట్టకండి. 4 ఏళ్లలోపు పిల్లలకైతే గొంతుకి అడ్డం పడుతుందని డాక్టర్లు వద్దంటారు.

పాప గురించి. “చిన్నది, నిద్రపోతుందిలే” అని తెచ్చినవాళ్ల పిల్లలు నిద్రపోవడం నేను చూసింది తక్కువ. రెండేళ్ల పిల్లకి కథ లేదు, భయపడటానికి కారణం అక్కర్లేదు, ఆ శబ్దం చాలు. పాప ఏడిస్తే బాబుని కూడా బయటికి లాక్కురావాలి, అది వాడికి అన్యాయం. మీ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండండి. అత్తగారు పాపని చూసుకుంటానంటే ఇంకా మేలు. ఆవిడకి కూడా సినిమా చూడాలని ఉంటే వేరే రోజు వేరే సినిమాకి తీసుకెళ్లండి, ఆవిడ వాదనంతా అందుకేనేమో కూడా.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. అక్కడ ఇంటర్వెల్ ఉండదు, మీరే మధ్యలో ఒకసారి బయటికి తీసుకురావాలి. ఏఎంసీ అనే థియేటర్ల సంస్థ వాళ్లు కొన్ని రోజుల్లో ‘సెన్సరీ ఫ్రెండ్లీ’ షోలు వేస్తారు. ఆటిజం ఉన్న పిల్లల కోసం మొదలుపెట్టినవి. లైట్లు కొద్దిగా వెలుగుతుంటాయి, సౌండ్ తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. మొదటిసారి హాలు చూసే ఏ పిల్లాడికైనా అలాంటి షో బాగుంటుంది. మన దగ్గర కూడా ఎవరైనా పొద్దుటి షోని ఇలా నడిపితే ఖాళీ సీట్లు నిండుతాయని చెప్పి చూశాను, పైవాళ్లు వినలేదు.

ఇంటికొచ్చాక వాడు సినిమా గురించి మాట్లాడుతుంటే మాట్లాడనివ్వండి, మీరు తవ్వి అడక్కండి. బొమ్మలు గీస్తాడు, చెల్లెలి మీదికి టీ-రెక్స్ లాగా వస్తాడు, అది మంచిదే. ఆ రాత్రి మీ పక్కలో పడుకుంటానంటే పడుకోబెట్టుకోండి, ఒక రాత్రికి అలవాటేమీ చెడదు. గదిలో చిన్న లైటు ఉంచండి. “ఏ మగాడివిరా నువ్వు” లాంటి ఎగతాళి ఇంట్లో ఎవరూ చేయకుండా చూడండి, తాతగారితో సహా. కొన్ని రోజులకి భయం దానంతటదే పలచబడుతుంది. వారాలు గడిచినా రాత్రిళ్లు లేచి ఏడవడం, పక్క తడపడం, బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లనని మొరాయించడం తగ్గకపోతే మాత్రం మీ పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సినిమా సంగతి కూడా చెప్పండి.